సర్వేయర్ సారుకు ఎర్రనీళ్ల ఎదుర్కోలు

బండికి బీమా చేయడానికి వచ్చిన సారును అదే బండిలో పడేసి దవాఖానకు చేర్చిన మొనగాడు ఈ జిల్లాలో ఇంకెవరైనా ఉంటే ముందుకు రండి, దండ వేస్తాను. లేరు కదా? అయితే కూర్చోండి. నేను అక్షరాలు ముదిరిన వయసులో నేర్చుకున్నవాణ్ణి, కాబట్టి సింగారాలు ఉండవు. జరిగింది జరిగినట్టు చెబుతాను. పక్కన మంచినీళ్ల గ్లాసుంటే మాత్రం కాస్త దూరం జరపండి. ఇదంతా విన్నాక నీళ్లంటేనే భయం పుడుతుంది.

మాది మహబూబ్‌నగర్, అదే మా పాలమూరు. మొదట్లో నేను ట్రాక్టర్ మీద నీళ్ల ట్యాంకర్ నడిపేవాడిని. తెలంగాణ వచ్చాక మా ఊరికి అద్దాల పిచ్చి పట్టింది. దవాఖానకు అద్దాలు, బట్టల దుకాణానికి అద్దాలు, చివరికి చికెన్ సెంటర్‌కు కూడా అద్దాలే. కోళ్లు ఆఖరిసారి ముఖం చూసుకొని పోవాలని కాబోలు! ఇన్ని అద్దాలు ఎవరు తుడుస్తారు? నేను తుడుస్తానన్నాను. పాత వ్యాన్ ఒకటి కొని, వెనక నల్లటి ప్లాస్టిక్ ట్యాంకు ఎక్కించి, ఒక పైపు, చిన్న మోటారు తగిలించాను. ఊరందరి అద్దాలు తుడిచే ఆ బండికి డ్రైవర్ సీటు వెనక ఉండాల్సిన అద్దం మాత్రం లేదు. గాలి బాగా వస్తుందని అలాగే వదిలేశాను. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత తడుస్తుంది.

ఒక వేసవిలో కొత్తగా పెద్ద ప్రైవేటు దవాఖాన లేచింది. కింది నుంచి పైదాకా అద్దమే. దాన్ని ఏడాది పొడవునా తుడిచే పని నాకు దొరికింది. ఇక దుకాణం దుకాణం తిరిగి "అద్దాలు తుడుస్త సార్" అని బతిమాలే బాధ లేదనుకొని, సంబరంగా బండి తీసుకొని పోయాను. గేటు దగ్గర వాచ్‌మన్ నర్సింలు చెయ్యి అడ్డం పెట్టాడు.

"కాకా, బండికి ఇన్సూరెన్సు ఉన్నదా?"

"ఉండె."

"ఉండెనా, ఉన్నదా?"

"పోయినేడు దాకా ఉండె."

"గట్లయితే నువ్వు కూడా పోయినేడే రావాలె. ఇన్సూరెన్సు లేని బండిని లోపలికి ఇడువొద్దని మేనేజర్ సారు చెప్పిండు. సోమవారం దాకా చూస్తడంట. అప్పటికీ తేకపోతే హైదరాబాద్ నుంచి వేరేటోళ్లను పిలుస్తరంట."

హైదరాబాద్ వాళ్లు వచ్చి పాలమూరు దుమ్ము తుడుస్తారా! నా నెత్తురు ఉడికింది. నెత్తురు అన్నాను కదూ, అది కూడా గుర్తుపెట్టుకోండి.

బీమా ఆఫీసుకు ఫోన్ చేశాను. గడువు దాటిపోయింది కాబట్టి సర్వేయర్ సారు వచ్చి బండిని కళ్లారా చూసి ఫొటోలు తీస్తేనే పని జరుగుతుందన్నారు. కాసేపటికి ఆ సారే ఫోన్ చేశాడు. పట్నం మనిషి, మర్యాదగా మాట్లాడాడు.

"పెద్దాయనా, రేపు ఉదయం వస్తాను. ట్యాంకు ఖాళీ చేసి పెట్టండి. బండికి ఎలా బిగించారో చూడాలి."

"తప్పకుండ సార్" అన్నాను. ఫోన్ పెట్టేశాక ఆలోచించడం మొదలుపెట్టాను. నా బతుకులో జరిగిన నష్టాలన్నీ ఆలోచించాకే జరిగాయి.

మా దగ్గర పెద్ద మనిషి వస్తుంటే నిండు బిందెతో ఎదురుపోతారు. ఖాళీ బిందె కంటబడితే పని చెడుతుందని వచ్చినవాళ్లు అటునుంచి అటే వెనక్కి తిరుగుతారు. అలాంటిది, బీమా చేసే సారుకు బిందె కూడా కాదు, ఏకంగా ఖాళీ ట్యాంకు చూపించాలా? ఆయన పట్నం మనిషి, తెలియక అన్నాడు. తెలిసిన మనమైనా ఆయన మేలు చూడొద్దా?

తెల్లారగానే ట్యాంకును అంచుదాకా నింపాను. నా భార్య లచ్చమ్మ పసుపు పొట్లం తెచ్చి చేతిలో పెట్టింది.

"ట్యాంకు నొసటికి ఇంత బొట్టు పెట్టు, చాలు."

"గంత పెద్ద ట్యాంకుకు చిటికెడు పసుపా? నవ్వుతరే!"

"ఎవరు నవ్వుతరు? ట్యాంకా?"

ఆమె లోపలికి పోగానే పొట్లం మొత్తం నీళ్లలో గుమ్మరించాను. బంగారంలా మెరిశాయి. అంతటితో ఆగితే నేను నేను కాదు. మా బోరు నీళ్లకు అద్దాల మీద తెల్లటి మరకలు పడతాయి. అవి పోవడానికి రోజూ బకెట్‌లో బట్టల సోడా, సబ్బు పొడి కలుపుతాను. సారు ముందు పైపు తిప్పి నురుగు చిమ్మిస్తే బండి పనితనం తెలిసిపోతుంది కదా! సోడా, సబ్బు పొడి రెండూ ట్యాంకులో పోసి కట్టెతో కలియబెట్టాను.

పసుపులో సున్నం కలిపితే ఏమవుతుందో దిష్టి తీసిన ప్రతి ఆడమనిషికీ తెలుసు. సోడా కలిపినా అదే అవుతుందని నాకు ఆ పొద్దున తెలిసింది. ట్యాంకు నిండా ఎరుపు! భయపడ్డానా? గంతులేశాను.

"లచ్చమ్మా! ఎర్రనీళ్లయినయే! బండి దిష్టి దానంతట అదే పోతది!"

ఆమె వచ్చి తొంగి చూసి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "ఏమయ్యా, యాటపోతును గిట్ల కోసినవా ఇండ్ల? పారబోయి ముందు. సారు చూస్తే జడుసుకుంటడు."

"మంచి పని మీద సారొస్తుంటే ఎర్రనీళ్లు పారబోస్తరా ఎవరన్న?" అని మూత పెట్టేశాను. ఆ మూత మరలు ఎప్పుడో అరిగిపోయాయి. టోపీలా పైన కూర్చుంటుంది, అంతే.

సారు వచ్చాడు. కొంగలాంటి తెల్ల చొక్కా, కత్తిలాంటి ఇస్త్రీ.

"ట్యాంకు ఖాళీ చేశారా?"

"మీరొస్తుంటే ఖాళీగ ఎట్ల పెడ్త సార్? నిండుగ ఉంచిన."

ఆయనకు ఏమీ అర్థం కాలేదు. వంగి కిందికి చూశాడు. "బోల్టులు ఏవి?"

"బోల్టులెందుకు సార్? మోకుతోని కట్టిన. తాటిచెట్లు ఎక్కేటోళ్ల మోకు. మనిషినే మీద ఆపుతది, నీళ్లను ఆపదా?"

"బ్రేకు వేస్తే ట్యాంకు ముందుకొస్తుంది పెద్దాయనా."

"రాదు సార్."

"వస్తుంది."

"కూసోండ్రి, చూపిస్త."

"వద్దండీ, నమ్ముతాను."

"నమ్ముడు గాదు సార్, కండ్లతోని చూడాలె!"

చెయ్యి పట్టుకొని ఎక్కించాను. పాపం, సీటు బెల్టు కూడా పెట్టుకున్నాడు. బస్టాండు రోడ్డు మీద బండి ఊపందుకుంది. "ఇగ చూడండ్రి!" అని రెండు కాళ్లతో బ్రేకు తొక్కాను.

బండి ఆగింది. ట్యాంకు ఆగలేదు. దాన్ని ఆపాల్సిన మోకు దానితోపాటే బయలుదేరింది. మూత ఎగిరి ఏ ఊరికి పోయిందో ఇప్పటికీ తెలియదు. గాలి కోసం వదిలేసిన అద్దం జాగాలోంచి ఎర్రటి వరద దూకి, ముందు సారు నెత్తిన పడి, తర్వాత నన్ను ముంచి, తలుపు సందుల్లోంచి రోడ్డు మీదికి పారింది.

ఎవరో ఆడమనిషి కెవ్వున అరిచింది. "అయ్యో, నెత్తురు!"

ఇంకేముంది, జనం జాతరలా మూగారు.

"ఎంత నెత్తురో చూడు! లోపల ఎంతమంది ఉన్నరో!"

"ముసలాయన ఇగ లేడు."

"ఉన్న!" అన్నాను నేను.

"పాపం, ఆఖరి మాట మాట్లాడిండు."

సారు ఏదో చెప్పబోయాడు. నోట్లోంచి మాటకు బదులు బుడగ వచ్చింది. సబ్బు మంటకు కళ్లు మూసుకున్నాడు. "కండ్లు మూసిండు! దవాఖానకు తీస్కపో!" అంటూ జనమంతా బండిని దబదబా బాదారు. నా కళ్లూ మండుతున్నాయి, బుర్ర నానిపోయింది. ముందుకు ఉరికించాను. దగ్గర్లో ఉన్న దవాఖాన ఏదంటారా? మీరు అనుకున్నదే.

నర్సింలు దూరం నుంచే ఎర్రటి బండిని చూశాడు. ఇన్సూరెన్సు ఊసే ఎత్తలేదు. గేటు రెండు రెక్కలూ బార్లా తీశాడు. అలా నా బండి మొదటిసారి ఆ గేటు దాటింది. ఆ సంతోషంలో మెట్ల ముందు మళ్లీ గట్టిగా బ్రేకు వేశాను. క్యాబిన్ మీద ఒరిగి ఉన్న ట్యాంకు, కడుపులో మిగిలినదంతా పైకప్పు మీదుగా ఆ కొత్త అద్దాల మీద కక్కేసింది.

సారును స్ట్రెచర్ మీద లోపలికి ఉరికించారు. నర్సమ్మ దూదితో నుదురు తుడిచింది. చెవుల వెనక వెతికింది.

"గాయం ఏది?"

"గాయం లేదు బిడ్డా."

"మరి ఈ నెత్తురు ఎవరిది?"

"ట్యాంకుది."

ఆమె నన్ను ఎగాదిగా చూసి, మళ్లీ గట్టిగా తుడిచింది. సారు నుదుటి మీద తెల్లగా నురుగు పొంగింది. "డాక్టర్ సార్, జల్ది రాండ్రి! ఈ పేషెంటు నురుగు గడ్తున్నడు!"

సారు మోచేతి మీద లేచాడు. "నాకేమీ కాలేదమ్మా. ఈయన బండికి ఇన్సూరెన్సు చేద్దామని వచ్చాను" అన్నాడు. ఏడుపు గొంతుతోనే అన్నాడు.

అప్పుడే మేనేజర్ సారు రొప్పుతూ వచ్చాడు. "మన అద్దాల మీద గదేంది? ఎవడు చేసిండు? ఎవడు తుడుస్తడు?"

"చేసిందీ నేనే, తుడిచేదీ నేనే సార్. బండి ఎట్లనో లోపటికి వచ్చింది గద" అన్నాను.

ముందు సర్వేయర్ సారే పక్కున నవ్వాడు. నవ్వినకొద్దీ బుడగలు వచ్చాయి. ఆ బుడగలు చూసి నర్సమ్మ నవ్వింది. మేనేజర్ నవ్వకుండా ఉండాలని మీసం కొరికాడు. "ముందు తుడువు. ఇన్సూరెన్సు మాత్రం సోమవారమే. ఒక్క పొద్దు కూడా ఎక్కువియ్య."

పొద్దుగూకేదాకా తుడిచాను. సంగతి విని లచ్చమ్మ తువ్వాల తీసుకొని వచ్చింది. ఎర్రటి అద్దాలను చూసింది, నన్ను చూసింది.

"పారబోయి అంటే, ఇంత దూరం తెచ్చి పారబోస్తివా?"

మర్నాడే వెల్డింగు దుకాణానికి పోయి ట్యాంకు చుట్టూ ఇనుప చట్రం, కింద బోల్టులు, సీటు వెనక అద్దం, అన్నీ బిగించాను. సోమవారం పొద్దున సారు మళ్లీ వచ్చాడు. పాలమూరు ఎండ పెనంలా కాలుతుంటే, మెడదాకా గుండీలు పెట్టిన రెయిన్‌కోటుతో దిగాడు.

"ట్యాంకు?"

"ఖాళీ సార్."

"మీరు దూరంగా జరగండి."

ఒక కర్రతో ట్యాంకును కొట్టాడు. బోలుగా మోగింది. ఆ ఖాళీ చప్పుడు వినగానే ఆయన ముఖం వికసించింది. బోల్టులు లాగి చూశాడు, ఫొటోలు తీశాడు, "ఇక మీ బండికి భయం లేదు" అన్నాడు. సరిగ్గా అప్పుడే బోరింగు దగ్గర్నుంచి లచ్చమ్మ నిండు బిందెతో ఎదురొచ్చింది. ఇంతకన్నా మంచి శకునం ఉంటుందా? సారు మాత్రం ఆ బిందెను చూశాడో లేదో, ఒక్క దూకులో కారులో పడి, అద్దాలు ఎక్కించుకొని, మా వాడ దాటేదాకా దించలేదు.

సాయంత్రానికల్లా ఇన్సూరెన్సు వచ్చింది. నర్సింలు గేటు తీశాడు. ఆ అద్దాలు ఇప్పటికీ నేనే తుడుస్తున్నాను.

కాబట్టి బోల్టుల సాక్షిగా, ఎగిరిపోయి మళ్లీ కనిపించని ఆ మూత సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ అధికారి మా ఇంటికి వచ్చినా పొడిపొడిగానే ఎదురుపోతాను. పసుపు, సోడా, నేను: మేం ముగ్గురం ఇక ఈ జన్మలో ఒక్కచోట కలవం.