అమ్మ ఎంచిన రిబ్బను

నా చిన్నప్పుడు నాకు మా అమ్మ మీద ఉన్నంత కోపం ఇంకెవరి మీదా ఉండేది కాదు. ఆవిడ విశాఖలో ఒక ఆసుపత్రిలో, పిల్లల వార్డులో నర్సు. ఎవరి పిల్లలకో జడలు సర్ది, వాళ్ళు అడిగిన ప్రతిదానికీ ఓపిగ్గా జవాబు చెప్పేది. డ్యూటీ దిగి జాలరిపేటలో మా ఇంటికి వచ్చాక, ఎర్ర రిబ్బనా నీలం రిబ్బనా అని నేనడిగితే మాత్రం "ఏదో ఒకటిలే" అనేది. కూర ఏం వండనని అమ్మమ్మ అడిగినా అదే మాట. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒకరోజు ఇంకో నర్సు రాలేదని అమ్మని మధ్యాహ్నం కూడా ఉండమన్నారు. చేపలు అమ్ముకుని వచ్చిన అమ్మమ్మ నన్ను వెంటబెట్టుకుని క్యారేజీ పట్టుకెళ్ళింది. ఆవిడ వరండాలో కూర్చుంటే, నేను వార్డు గుమ్మంలో నిలబడి చూశాను. కిటికీ పక్క మంచం మీద నా ఈడు పిల్ల. దాని నుదుటి మీద మా అమ్మ చెయ్యి. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఎవరికి ముందు మందివ్వాలి, ఎవరి కోసం డాక్టరుని పిలవాలి, అన్నీ అమ్మనే అడుగుతున్నారు. కాసేపటికి ఆ పిల్ల, సెలైన్ పెట్టిన చెయ్యి మండుతోందంది. అమ్మ సరిగ్గా చూడకుండానే "తగ్గిపోద్దిలే" అంటూ వెళ్ళిపోయింది. అచ్చం ఇంట్లో నాతో మాట్లాడే గొంతు. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. పరిగెత్తుకెళ్ళి, దానికీ అలాంటి జవాబే దొరికిందని అమ్మమ్మకి చెప్పాను. చెయ్యి బూరెలా ఉబ్బిందని కూడా కలిపాను.

అమ్మమ్మ నవ్వలేదు. గంప అడుగుకొచ్చేసరికి మిగిలిన చేపల మొప్పలు తను చూడకుండా, పక్కన అమ్ముకునే ఆవిడకి చూపించడం మా అమ్మమ్మ అలవాటు. చేప పాడైందని ఆవిడంటే మారుమాట లేకుండా తీసి పడేసేది. ఇప్పుడు లోపలికెళ్ళి అమ్మ భుజం పట్టుకుంది.

"పొద్దున్నించీ సూసిన కళ్ళకి అన్నీ బాగున్నట్టే అగుపిస్తాయే. ఓపాలి ఆ పిల్ల సెయ్యి ఇంకో అమ్మాయికి సూపించు."

అమ్మకి కోపమొచ్చింది. అయినా పక్క వార్డు నర్సుని పిలిచింది. ఆవిడ చూసీ చూడగానే సెలైన్ ఆపేసింది. సూది జారిపోయి, నరంలోకి ఎక్కాల్సిన మందు చర్మం కిందికి పోతోందట. ఇంకాస్త ఆలస్యమైతే చెయ్యి పుండు పడేదట. అమ్మ ఆ మంచం పక్కనే కూలబడి ఏడ్చింది.

అప్పట్నించి అమ్మమ్మ మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టింది. డ్యూటీ నుంచి వచ్చిన మనిషిని ఏదీ అడగకూడదు, కంచం పెట్టాలి. అడగాల్సినవి పొద్దున్నే అడగాలి. మర్నాడు పొద్దున్నే రెండు రిబ్బన్లూ పట్టుకుని నిలబడ్డాను. అమ్మ రెండిటినీ నా జడ పక్కన పెట్టి చూసి, నీలం అంది.

ఇప్పుడు మా కోడలు నర్సు. తను ఇంటికి రాగానే కాఫీయా, టీయా అని కూడా అడగను. ఉన్నది గ్లాసులో పోసి చేతిలో పెడతాను. మనవరాలు మూతి ముడిస్తే, పొద్దున్న అడుగమ్మా అని దగ్గరికి తీసుకుంటాను. నాలో కుళ్ళు పోయిందని మాత్రం అబద్ధం చెప్పను. ఆ పిల్ల నుదుటి మీద అమ్మ చెయ్యి గుర్తొస్తే ఈ వయసులోనూ చివుక్కుమంటుంది. కానీ ఆ నీలం రిబ్బను నాది.