సాగనంపని నీడ

మా మావగారు, పేరు దేముడు, ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ముప్ఫై అయిదేళ్లు ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. ఇంట్లో గ్లాసు ఎత్తి పక్కన పెట్టిన పాపాన పోలేదు గాని, దీపం ముందు ఆ రెండు చేతులూ పెడితే చాలు, గోడ మీద నక్క ఆవులించేది, ముసలమ్మ చుట్ట కాల్చేది. పక్క క్వార్టర్‌లో టోని అంకుల్ అని రిటైరైన గార్డు ఉన్నాడు. మావగారి నీడలాటకి శాక్సాఫోన్ మీద జాజ్ వాయిస్తాడు. ఈయన కథలు శ్రీకాకుళం వైపువి, ఆయన పాట ఏ సముద్రం అవతలిదో! ఎలా కుదిరిందో గాని, కుదిరింది.

అన్నిటిలోకీ అమ్మవారి కథంటే నాకు ఒళ్లు మంట. ముసలి రూపంలో ఆవిడ గడప గడపకీ వెళ్లి మజ్జిగ అడుగుతుంది. పొయ్యని ఇంట్లో పిల్లలకి ఒంటినిండా పొక్కులు లేస్తాయి. మా వాళ్లు దాన్ని జబ్బనరు, "అమ్మోరు పోసింది" అంటారు. కథ చివర ఆవిడకి మజ్జిగిచ్చి, దండం పెట్టి, పొలిమేర దాటించాలి. అదే అనుపు. అనుపు అవకుండా దీపం ఆర్పకూడదు, వేరే లైటు వెయ్యకూడదని మావగారి పట్టు.

మొన్న మార్చిలో ఊరి అవతల హిజ్లీ నుంచి కాలేజీ పిల్లలు వచ్చి, ఓల్డ్ సెటిల్‌మెంట్ కాలనీలో మా సందులోనే దుప్పటి తెరగా కట్టించి ఆ కథ ఆడించారు. మధ్యలో టోని అంకుల్ ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. పిల్లలు అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టారు. అబద్ధమెందుకు, అవలేదని నాకు తెలుసు. పొయ్యి మీద పప్పు మాడుతోందన్న విసుగులో వీధి గుమ్మం లైటు వేసేశాను.

"ఏటి సేసినావే సత్యవాణీ! ఆవిణ్ని ఇంకా అంపనేదు కదే!"

"వచ్చేసారి అంపుదురు గాని, అన్నానికి రండి" అన్నాను. నా నోట్లో మన్ను పడ!

రెండు వారాలు తిరిగాయో లేదో, నా కూతురు వెన్నెలకి పోసింది. ఏడేళ్ల పిల్ల. మావగారు గుమ్మానికి వేపమండలు కట్టారు, తాలింపు మానిపించారు, కిటికీలు మూయించారు. అయిదో రోజు మధ్యాహ్నం పిల్ల ఎగఊపిరి తియ్యడం మొదలెట్టింది. మా ఆయన డ్యూటీ మీద టాటానగర్ వెళ్లాడు. ఆసుపత్రికి తీసుకుపోతానన్నాను.

"అమ్మోరు ఇంట్లో ఉండగా సూది పొడిపిత్తే ఊరుకుంతాదేటి? నాను పిలిసినాను, నానే అంపుతాను. పావుగంట ఆగు."

లైటు వేసిన చెయ్యి నాది. ఎలా కాదనను?

"పాగల్ హో క్యా? ముందు హాస్పిటల్!" అని టోని అంకుల్ తిడుతూనే వచ్చి, గుమ్మంలో నిలబడి మెల్లగా వాయించాడు. స్టూలు మీద టార్చి పెట్టాం. మావగారి చేతుల్లోంచి ముసలమ్మ గోడ మీదికి వచ్చింది. మజ్జిగ తాగింది. కర్ర పొడుచుకుంటూ నడిచి ద్వారబంధం దాటింది. మావగారు చేతులు దించి దండం పెట్టారు. వాయిద్యం ఆగింది.

"ఎలిపోనాది. ఇంక టోటో రిక్షా పిలు, తల్లీ" అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు.

వెన్నెల కళ్లు విప్పి గోడనే చూస్తోంది.

"తాతా, సేతులు తీసేసినావా?"

"తీసేసినానమ్మా."

"మరి ముసలమ్మ ఎల్లలేదేటి? వంగి నాకేసే సూస్తంది."

నేను గోడ వైపు చూడలేదు. పిల్లని దుప్పటితో సహా భుజాన వేసుకుని వీధిలోకి పరిగెత్తాను. టోని అంకుల్ అరిచి ఒక టోటోని ఆపాడు. ఎక్కబోతుంటే పిల్ల భుజం మీంచి జారింది.

"పట్టుకోండి మావగారూ, పడిపోతోంది!"

ఆయన నా పక్కనే ఉన్నారు, నిండు ఎండలో, చేతుల నీడ ఎక్కడా పడకుండా రెండూ చంకల్లో దాచుకుని. ఎంత అరిచినా బయటికి తియ్యలేదు.