మేక చేసిన యాపిల్ సేద్యం

ఆ రోజుల్లో ఎవరు ఏ మాటన్నా నాకు చటుక్కున తగిలేది. ఇప్పుడంతగా తగలదు గానీ, అప్పుడు తగిలినవన్నీ ఉన్నచోటే ఉన్నాయి. శావల్యాపురంలో మా పెరట్లో యాపిల్ మొక్క నాటేనాటికి నాకు ఇరవై మూడేళ్లు. నర్సరీ అతను ఇచ్చిన చీటీ నాకింకా కంఠతా వచ్చు: కొండ ఊళ్ల పాతకాలపు రకం, ఎండకు వాడదు, బెట్టకు చావదు, తెగులు దరిచేరదు, కాయ చిన్నది, తొక్క మందం, పులుపెక్కువ, కోసి రెండు నెలలైనా మెత్తబడదు. (అది విన్న మా అమ్మ, "అచ్చం నీలాగే ఉందిరా" అంది. అదీ గుర్తుంది.)

పక్కింటి మేకల పిన్ని గోడ మీదుగా తొంగిచూసి, "ఏందబ్బాయ్, యాపిలా? అది కాసిన రోజు మా మేక బడికి పోయి పాఠాలు చెప్తది" అంది. వీధంతా నవ్వింది. తొలికాయ ఆమె చేతిలో పెట్టి, "ఇప్పుడు చెప్పు పిన్నీ" అనాలని ఆ క్షణమే ఒట్టు పెట్టుకున్నాను. మూడేళ్లు నీళ్లు మోశాను. చెట్టు నా భుజం దాకా వచ్చింది, పువ్వు మాత్రం రాలేదు. నాలుగో ఏడు చలికాలంలో ఒక పొద్దున నరసరావుపేట ఆఫీసుకు పోతూ గేటు గొళ్లెం పెట్టడం మరిచాను (తప్పు గొళ్లేనిదే, వదులుగా ఉండేది). సాయంత్రం వచ్చేసరికి చెట్టుకు ఒక్క ఆకు లేదు. కింద పిన్ని మేక తీరిగ్గా నెమరేస్తోంది.

పంచాయతీలో నాలుగు పేజీల అర్జీ ఇచ్చాను. పరిహారం వద్దు, పిన్ని వీధి ముందు తప్పు ఒప్పుకుంటే చాలు. నెల తర్వాత తోటల ఆఫీసరు విచారణకు వచ్చేసరికి ఆ మోడు నిండా తెల్లటి పూలు! "ఆకు దూసిందెవరండీ? మన దగ్గర చలి చాలదు, దూస్తేనే దీనికి పూత. మంచి పని చేశారు" అన్నాడాయన. నేను నోరు తెరిచేలోగా పిన్ని, "మా మేకేనండీ సారూ, రాసుకోండి!" అని, నా వైపు తిరిగి, "ఏరా అబ్బాయ్, పాఠం చెప్పిందా లేదా?" అంది.

ఏడు కాయలు కాశాయి. తొలికాయ ఆమె చేతిలో పెట్టాను గానీ, దాచుకున్న మాట నోట రాలేదు. పిన్ని ఒక్క ముక్క కొరికి, మొహం చిట్లించి, మిగతాది మేకకు పెట్టింది. (అదీ గుర్తుంది.)

ఆ మేక పోయి చానాళ్లయింది. పిన్నికిప్పుడు గోడ దాకా వచ్చే ఓపిక లేదు. ఏటా ఆకులు నేనే దూస్తున్నా, అప్పటంత పూత మళ్లీ రాలేదు. అర్జీ వెనక్కి తీసుకోలేదు, తీసుకోను కూడా. కాకపోతే చలికాలం వస్తే గేటు గొళ్లెం పెట్టను. ఎవరైనా అడిగితే, వదులుగా ఉందని చెబుతాను.