కరక్కాయ కషాయం, మూడు కుట్లు

నా ఎడమ బుగ్గ లోపల తెల్లటి మచ్చ ఉందని కనిపెట్టింది నేను కాదు. పళ్ళు శుభ్రం చేయించుకుందామని బెంజ్ సర్కిల్ దగ్గర క్లినిక్‌కి వెళితే దంతవైద్యురాలు చూసింది. అప్పటిదాకా ట్రాఫిక్ గురించి, ఎండల గురించి కబుర్లు చెబుతూ పనిచేస్తున్న మనిషి ఉన్నట్టుండి మాట్లాడటం మానేసింది. నోరు తెరుచుకుని పడుకున్నవాడికి అంతకంటే చెడ్డ కబురు ఉండదు.

"వక్కపొడి వేసుకుంటారా అండీ?"

"అప్పుడప్పుడు."

"అప్పుడప్పుడంటే?"

"భోజనం తర్వాత."

"అంతేనా?"

"భోజనానికి ముందు కూడా. మధ్యలో ఖాళీ దొరికితే..."

ఆవిడ నవ్వలేదు. మచ్చ మొత్తం కోసి తీసి పరీక్షకు పంపుదామంది. రిపోర్టు రావటానికి పది రోజులు పడుతుందంది. దేనికోసం పరీక్ష అని నేను అడగలేదు. ఇరవై రెండేళ్ళుగా డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతున్నాను. సమాధానం తెలిసిన ప్రశ్నలు అడగటమే నా ఉద్యోగం. ఆ రోజు మాత్రం సెలవు పెట్టాను.

మర్నాడు మత్తు సూది ఇచ్చి కోశారు. మూడు కుట్లు పడ్డాయి. నా బుగ్గలో దూది ఉంది కాబట్టి ప్రశ్నలన్నీ మా ఆవిడే అడిగింది.

"మా అమ్మ కరక్కాయ కషాయంతో పుక్కిలించమంటుందండీ. వాడొచ్చా?"

"ఈ రోజు ఏదీ వద్దు. రక్తం గడ్డ కట్టాలి, దాన్ని కదపకూడదు. రేపట్నుంచి గోరువెచ్చటి ఉప్పునీళ్ళు. కషాయం వాడతానంటే బాగా వడకట్టి, చల్లార్చి, రోజుకు రెండుసార్లు నోట్లో మెల్లగా తిప్పి వదిలెయ్యండి. అంతేగానీ దాని మీద భారం వేసి నేనిచ్చిన మాత్రలు మానేస్తే ఊరుకోను."

మా అత్తగారు కంకిపాడు నుంచి మర్నాడు పొద్దున్నే బస్సులో దిగింది. చేతిలో గుడ్డసంచి, దాన్నిండా కరక్కాయలు. మేముండే భవానీపురంలో కరక్కాయలు దొరకవని ఎవరన్నారో తెలియదు. నా మొహం చూసి, "ఏం కాదు బాబూ, నాకు దవడపన్ను పీకినప్పుడు దీంతోనే మానింది" అంది. నాది దవడపన్ను కాదని చెప్పబోయాను. మా ఆవిడ వద్దన్నట్టు కళ్ళతోనే సైగ చేసింది. అప్పటికి ఇంట్లో ఒక మాట ఎవరూ పైకి అనకూడదని తీర్మానం అయిపోయిందన్నమాట. నన్ను సమావేశానికి పిలవలేదు.

ఆ మాటను పలకకుండానే వినిపించినవాడు మా కాలేజీ బోటనీ లెక్చరర్. పరామర్శకు ఫోన్ చేశాడు.

"భయపడకండి మాస్టారూ. మామూలు పుండైతే వారంలో మానిపోతుంది. ఆ రకందైతే మానదు. అంతే తేడా."

ధైర్యం చెప్పటానికే చేశాడు. ఆయన ధైర్యం చెప్పినవాళ్ళలో ఎంతమంది కోలుకున్నారో కనుక్కోవాలి.

కానీ ఆ మాట నాలో దిగబడిపోయింది. రిపోర్టు కోసం పది రోజులు ఎదురుచూడక్కర్లేదు, నా నోట్లోనే రోజుకింత చొప్పున వస్తోంది. మానిందా, బతికాను. మానలేదా... ఆ రెండో వాక్యం పూర్తి చెయ్యకుండా బాత్రూమ్ అద్దం ముందు నిలబడేవాణ్ణి. చెంచా కాడతో బుగ్గను పక్కకి లాగి, మెడ వంచి చూసుకునేవాణ్ణి. రోజుకు ఆరేడుసార్లు. మొదటి రెండు రోజులు ఎర్రగా ఉంది. మూడో రోజు పైన పాలమీగడలాంటి పొర కట్టింది. అది చీము పట్టిందేమోనని చెమటలు పట్టాయి. మా ఆవిడ ఫోన్ చేసి అడిగితే, మానేటప్పుడు అలాగే ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. నేను నమ్మాను. నమ్మి, మళ్ళీ చూసుకున్నాను.

కషాయం రోజుకు రెండుసార్లన్నారు. నేను ఐదుసార్లు పుక్కిలించాను. వగరుకు నాలుక గోనెగుడ్డలా అయ్యేది. ఆ వగరు గాయాన్ని దగ్గరకు లాగి బిగిస్తున్నట్టు అనిపించేది. బిగిస్తే మానుతుంది, మానితే నేనుంటాను. నా శాస్త్రీయ దృక్పథం ఆ వారం ఈ స్థాయిలో ఉంది.

ఐదో రోజు మధ్యాహ్నం కషాయం నల్లగా కనపడింది.

"ఏంటండీ అత్తయ్యగారూ, చిక్కగా ఉంది?"

"కాస్త ఎక్కువ మరిగిందిలే బాబూ. మంచిదే."

ఎక్కువ మరిగితే ఎక్కువ గుణం. రెండు గ్లాసులు పుక్కిలించి, చెంచా తీసుకుని అద్దం ముందుకు వెళ్ళాను.

గాయం నల్లగా ఉంది.

ఎర్రగా లేదు, తెల్లగా లేదు, నల్లగా. నిన్నటి పొర మొత్తం, అంచులతో సహా, కాలిన కాగితంలా ఉంది. చేతిలో చెంచా సింకులో పడింది. నీళ్ళు పోసి పుక్కిలించి మళ్ళీ చూశాను. అలాగే ఉంది. బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాను.  వింతేమిటంటే, తలలో సెకండియర్ వాళ్ళకు రెండు చాప్టర్లు మిగిలిపోయాయన్న ఆలోచన తిరుగుతోంది.

మా ఆవిణ్ణి పిలిచాను. చూసింది. "ఏవండీ..." అని ఆగిపోయింది. తర్వాత ఏమీ అనకుండా వెళ్ళి చెప్పులేసుకుంది. చీర మార్చుకోకుండా ఆవిడ ఇల్లు దాటటం పెళ్ళయ్యాక అదే మొదటిసారి. నేను నిజంగా భయపడింది అప్పుడు.

అత్తగారు ఇంట్లో ఉండనంటే ముగ్గురం ఆటో ఎక్కాం. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగిపోయింది. చుట్టూ హారన్లు. వాళ్ళందరికీ ఎక్కడికో వెళ్ళాలనే తొందర. నాకు మాత్రం ఆ ఎర్రలైటు ఎప్పటికీ మారకపోయినా బాగుండుననిపించింది.

"ల్యాబ్ రికార్డులు దిద్దటం అయిపోలేదు. టేబుల్ సొరుగులో ఉన్నాయి, ఎవరికైనా చెప్పు" అన్నాను.

"నోర్మూసుకోండి" అంది మా ఆవిడ. కాసేపాగి, "నోటికి విశ్రాంతి ఇమ్మన్నారుగా" అని సర్దింది. గొంతు సర్దుకోలేదు.

డాక్టరమ్మ లైటు వేసి చూసింది.  తడి గుడ్డముక్కతో మెల్లగా తుడిచింది. గుడ్డ నల్లబడింది. రెండోది కొంచెం తక్కువ నల్లబడింది. మూడోది బూడిదరంగుకొచ్చింది.

"ఏం వాడారండీ?"

"కరక్కాయ కషాయమేనమ్మా" అంది అత్తగారు. "రోజూ స్టీలు గిన్నెలో కాచేదాన్ని. ఇవాళ దాంట్లో పాలుంటే ఇనప మూకుట్లో కాచాను."

నేను కళ్ళు మూసుకున్నాను. కరక్కాయలో టానిన్లుంటాయి. ఇనుము తగిలితే నల్లబడతాయి. ఏటా ప్రాక్టికల్స్‌లో పిల్లలకు పరీక్షనాళికలో చూపించేది అదే. రాయకపోతే మార్కులు కోస్తాను కూడా.

"కరక్కాయా ఇనుమూ కలిస్తే నల్లగా రాదూ? మా నాన్న సిరా అలాగే చేసేవాడు" అంది అత్తగారు, వాతావరణం గురించి చెప్పినట్టు.

"మరి ఇంట్లో చెప్పలేదేంటండీ?"

"మీరు కెమిస్ట్రీ చెబుతారు కదా బాబూ. మీకు తెలియదా అనుకున్నా."

డాక్టరమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. మా ఆవిడ నవ్వటం మొదలుపెట్టి ఏడుపులోకి దిగింది. కాసేపటికి గానీ బయటపడలేదు.

"గాయం చక్కగా మానుతోందండీ" అంది డాక్టరమ్మ. "కషాయం ఆపెయ్యండి, ఉప్పునీళ్ళు చాలు."

"మానుతోందంటే రిపోర్టు కూడా మంచిదే వస్తుందిగా?"

ఆవిడ చేతి తొడుగులు తీస్తూ ఆగింది. "దానికీ దీనికీ సంబంధం లేదండీ. మచ్చ మొత్తం తీసేశాను. ఇది కోసిన గాయం, కోసిన గాయంలాగే మానుతుంది. తీసినదాంట్లో ఏముందో ల్యాబు వాళ్ళే చెప్పాలి."

ఐదు రోజులు నేను అద్దంలో చదివింది రిపోర్టు కాదు.  మిగిలిన ఐదు రోజులు గాయం బాగా మానింది. దాంతో నాకేమీ ప్రయోజనం లేకపోయింది. చూసుకోవటానికైనా ఏమీ లేని భయం అంతకుముందు దానికంటే పెద్దది.

పదకొండో రోజు క్లినిక్ నుంచి ఫోన్ వచ్చింది. ఫోన్లో చెప్పరా అంటే, ఒకసారి రండి, కూర్చుని మాట్లాడుకుందాం అన్నారు. మంచి వార్త నిలబడి చెప్పినా సరిపోతుందనుకుంటూ వెళ్ళాం.

"క్యాన్సర్ కాదు" అంది డాక్టరమ్మ ముందుగా. ఇన్ని రోజుల్లో ఆ మాట మా మధ్య ఎవరైనా పలకటం అదే మొదలు. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. "కానీ కణాల్లో కొంచెం మార్పు మొదలైంది. అది అక్కడితో ఆగిపోవచ్చు, ఆగకపోవచ్చు. వక్కపొడి ముట్టుకోకూడదు. మూడు నెలలకోసారి నాకు చూపించాలి."

వక్కపొడి ముట్టుకోలేదు. వదిలెయ్యటం చాలా తేలిక, భయపెట్టేవాళ్ళు సరైనవాళ్ళయితే.

ఇప్పుడు ఆదివారం ఆదివారం మా ఆవిడ నన్ను బాల్కనీలో కుర్చీలో కూర్చోబెట్టి, నోరు తెరిపించి చూస్తుంది. రెండు క్షణాలు చూసి "ఏం లేదు" అంటుంది. ఆ రెండు క్షణాలు నేను ఊపిరి తీసుకోను. ఆవిడా తీసుకోదని మొన్నీమధ్యే గమనించాను.

ఇవాళ "ఏం లేదు" అనటానికి కొంచెం ఎక్కువసేపు పట్టింది. ఏంటని అడిగితే వెలుతురు సరిగా లేదంది. బాల్కనీ నిండా ఎండ ఉంది.

మూడు నెలలు కావటానికి ఇంకా పదిహేను రోజులున్నాయి. ఆవిడ లోపలికి వెళ్ళి క్లినిక్‌కి ఫోన్ చేసి, రేపటికే అపాయింట్‌మెంట్ ఇమ్మని అడగటం వినిపించింది.