బాపు ఇచ్చిన జింకు

పెద్దపేగుకు పుండ్లు పడి, నెత్తురు పోతూ నేను చిక్కి సగమైన ఏడాది అది. మా ఆయన సిరిసిల్లలో సాంచెల మీద బట్ట నేస్తాడు. ఆ మరమగ్గాల మోతలో పడుకోలేక మేడిపల్లిలో పుట్టింటికి, మా బాపు దగ్గరికి చేరాను. జగిత్యాల డాక్టరు విడమరిచి చెప్పాడు: ఒంటిని కాయాల్సిన తెల్లకణాలే తిరగబడి పేగును కొరుకుతున్నాయి. విరేచనాలతో జింకు కూడా పోతోంది. అది తగ్గితే పేగు గోడ మానదు, ఆ కణాలూ అదుపులో ఉండవు. కొన్ని వారాలకు జింకు బిళ్ళలు రాసి, తర్వాత ఆపేయమన్నాడు.

జింకు మాట వినగానే బాపు ముఖం వెలిగింది. వరి రైతు. మడి ఎర్రబడితే జింకు వేయాలని ఆయనకు ఒకరు చెప్పాలా? మిగతా మందుల పేర్లకు నోరు తిరగలేదు గానీ ఇది మాత్రం సొంత చుట్టమైపోయింది. నిజంగానే నాకు కాస్త ఓపిక వచ్చింది. ఇక ఆపుతాడా! వారాలు దాటినా కోరుట్లకు పోయి, చీటీ లేకుండానే బిళ్ళలు తెచ్చేవాడు. డాక్టరు ఆపమన్నాడు కదా అని నేను కసురుకుంటే, "నారు తేరుకున్నదని మందు నడుమల ఇడిసిపెడ్తమా బిడ్డా?" అన్నాడు. పూటకొకటి కాస్తా రెండయ్యాయి.

చలికాలానికి నోరంతా పొక్కింది. జ్వరం పోయినట్టే పోయి మళ్ళీ వచ్చేది. అరికాళ్ళు మొద్దుబారి, చెప్పు ఊడిపోయినా తెలిసేది కాదు. పాత రోగమే ముదిరిందనుకున్నాం. బాపు ఇంకో బిళ్ళ పెంచాడు.

జగిత్యాలలో రక్తపరీక్ష చేసి, తెల్లకణాలు బాగా పడిపోవడం చూసి, ఏమేం మింగుతున్నావని డాక్టరు అడిగాడు. చెప్పాను. జింకు అతిగా పడితే పేగు రాగిని లోపలికి రానివ్వదట. రాగి లేకపోతే ఎముకల మూలుగలో తెల్లకణాలు పుట్టవట. పేగు కోసం వాడే మందూ తెల్లకణాలను అణిచేదే కాబట్టి ఇప్పుడు ఆపాలి, లేకపోతే చిన్న జ్వరమే ప్రాణం తీస్తుంది. ఆపితే పేగు మళ్ళీ రేగుతుంది. కాళ్ళ తిమ్మిరి పోతుందో లేదో చెప్పలేనన్నాడు. జింకు మానేయమని, రాగి మందుకు చీటీ రాశాడు. కోపమంతా పక్కన కూర్చున్న బాపు మీదికే పోయింది గానీ, చీటీ ఆయన చేతికే ఇచ్చాను.

బస్సెక్కాక ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకుని, నా చెయ్యి పట్టుకున్నాడు.

"రాగే గదా బిడ్డా, రంది వడకు. వరికి తెగులస్తే కొట్టె రాగి మందు ఇంట్లనే ఉన్నది."

చీటీ ఇమ్మని చెయ్యి చాపాను. ఇవ్వలేదు.