అవ్వ పంపిన ఆకుల ఫోటోలు

ముడిమ్యాల ఊళ్ళో కూరగాయలు పండించే అవ్వ పోయిందని మంగళవారం పొద్దున వాళ్ళబ్బాయి ఫోన్ చేసి చెప్పాడు. "నిద్రలనే పోయింది సార్. రేపు చర్చిల పెట్టనీకి మంచి ఫోటో ఒక్కటి లేదు. ఆధార్ కార్డుల ఉన్నది గానీ అండ్ల అవ్వ తీరే లేదు. మీ యాప్‌ల ఉంటది గద, జర పంపుండ్రి" అన్నాడు. ఉంటుందనే చెప్పాను.

ఆమె నాకు చుట్టం కాదు. కోస్తా నుంచి వచ్చి గండిపేటలో ఉంటూ మొబైల్ యాప్‌లు రాసుకునేవాణ్ణి నేను. తెగులు పట్టిన ఆకును రైతు ఫోటో తీసి పంపితే మందు చెప్పే యాప్ ఒకటి తయారుచేసి, పనిచేస్తుందో లేదో చూద్దామని ఆమె చేనికి వెళ్ళాను. మొదటి ఫోటోకే అవ్వ ఫోన్ బిగుసుకుపోయింది. "సచ్చిందా బిడ్డా?" అని ఏ ఫికరూ లేకుండా అడిగి, గోబి పువ్వు కోయడానికి వెళ్ళిపోయింది.

తప్పు నాదే. ఫోటో మొత్తాన్నీ మెమరీలోకి ఎక్కించి, ఆ తర్వాత చిన్నది చేస్తున్నాను. ఆమె పాత ఫోన్ అంత బరువు మోయలేదు. గట్టు మీద తల పట్టుకు కూర్చుంటే, అవ్వ గోబి ఆకులు అక్కడే కోసి పారేసి పువ్వును గంపలో పెడుతోంది. ఎందుకని అడిగాను.

"చేవెళ్ల మార్కెట్ దాక మోసుకపోయి ఆడ కోస్తరా ఎవరన్న?" అంది.

ఆ వారమే కోడ్ మార్చాను. ఫోటోను తెరిచేటప్పుడే కావలసినంత సైజులో తెరిపించాను. ఆమె ఫోన్ మళ్ళీ ఆగలేదు.

ఫోటో తీసే ముందు ఆకును కొంగుతో తుడిచేది. తుడవొద్దు, ఉన్నదున్నట్టు తీయమంటే వినేది కాదు. "సుట్టాల ముంగట పిల్లను నిలబెట్టేటప్పుడు మొఖం కడగవా?" అనేది.

నేను హుషారెక్కువై ఫోటోలను మరీ చిన్నవి చేశాను. ఆకు వెనుక పేనుబంక కనబడక, ఆకు బాగుందని యాప్ జవాబిచ్చింది. ఆమె అర ఎకరం టమాట ఎండిపోయింది. తిడితే బాగుండేది, తిట్టలేదు. "గోబికి గూడ నాలుగాకులు ఉంచుత బిడ్డా, లేకుంటే పువ్వు నలుగుతది. నువ్వు గింత గూడ ఉంచకపోతివి" అంది. అప్పటినుంచి ఆకుల ఫోటోలు పెద్దవిగా ఉంచి, యాప్‌లో రైతుల పేర్ల పక్కన ఉండే వాళ్ళ ఫోటోలు మాత్రం గోరంత చేశాను. ముఖం చూసి మందు చెప్పేదేముంది అనుకున్నాను.

మంగళవారం ఆమె ఫోటో తెరిచి పెద్దది చేస్తే గళ్ళుగళ్ళుగా చెదిరిపోయింది. కన్నేదో ముక్కేదో తెలియలేదు. చిన్నది చేశాక అసలు ఫోటోను చెరిపేయమని కోడ్‌లో రాసింది నేనే. చివరికి ఆమె పంపిన ఆకుల ఫోటోలు ఒక్కొక్కటీ తెరిచి చూశాను. అన్నిట్లోనూ ఆమె చెయ్యి ఉంది. ఒకటి ఎంచి వాళ్ళబ్బాయికి పంపాను.

మర్నాడు చర్చికి వెళ్ళేసరికి, బల్ల మీద పూలదండ మధ్య ఆ ఫోటోనే పటం కట్టించి పెట్టారు. మట్టి అంటిన వేళ్ళు, అరిగిన గాజు, చంటిబిడ్డ తలను పట్టినట్టు కింద నుంచి పట్టుకున్న వంగ ఆకు. వచ్చినవాళ్ళెవరూ ఇది ఎవరని అడగలేదు.