బాబాయిగారి ఏడు పుల్లలు

ఆ మంగళవారం పొద్దున పక్కింటి పిన్నిగారు గోడ మీదుగా పిలిచి, "మీ బాబాయిగారు వెళ్ళిపోయేరమ్మా" అన్నారు. నాకు ఏడుపు తర్వాత వచ్చింది. ముందొచ్చింది కోపం. అది చల్లారకుండానే ఇది రాస్తున్నాను, చల్లార్చుకునే ఉద్దేశం కూడా లేదు.

బాబాయిగారు గోదావరి గట్టు మీద లస్కరు. వరదొస్తే గట్టుకి ఆయనే కాపలా. కాలరుకి వెనక గొడుగు తగిలించుకుని తిరుగుతూ నీటి అంచున ఓ వెదురు పుల్ల పాతేవారు. నీరు దాన్ని ముంచబోతే పీకి, స్కెచ్‌పెన్నుతో దాని మీద టైము రాసి, ఇంకాస్త పైన కొత్తది పాతేవారు. "ఆఫీసులో స్కేలుంది కదండీ" అని ఏడిపిస్తే, "అది ఆఫీసువాళ్ళు చదువుతారమ్మా. ఇది మీరూ చదవచ్చు" అనేవారు.

మొన్నటి పెద్ద వరదకి మా పేట దగ్గర గట్టు ఆగదని బాబాయిగారి పెద్దాఫీసరుకి ముందే తెలుసు. ఆ సంగతి గుట్టుగా మా నాయకుడి చెవిన వేశాడు. పొద్దున్నే నాయకుడి రొయ్యల చెరువుల మోటార్లన్నీ లారీలెక్కాయి. మాకు మాత్రం కేబుల్ టీవీలో "నీరు తగ్గుతోంది, ఎవరూ కదలక్కర్లేదు" అని చెప్పాడా ఆఫీసరు. ఆ గంటలోనే బాబాయిగారు రెండు పుల్లలు పీకి పైన కొత్తవి పాతారు. లారీలనూ చూశారు. ఇక ఆగలేదు.

"ఆయ్, సామాన్లొద్దండి! పిల్లల్ని ఎత్తుకోండి, గేదెల్ని విప్పేయండి, బడి మేడెక్కండి!" అంటూ ఇంటింటికీ తిరిగారు.

మధ్యాహ్నం గండి పడింది. ఇళ్ళు పోయాయి గానీ మనుషులందరం మిగిలాం.

జనం తిరగబడేసరికి ఆఫీసరుకి ఒక దోషి కావలసి వచ్చాడు. లస్కరు ఆఫీసు రహస్యం బయటపెట్టాడనీ, భయంతో జనం పరుగెత్తి తొక్కడం వల్లే గట్టు తెగిందనీ రాసి, సస్పెండ్ చేశాడు. విచారణలో బాబాయిగారు ఏడు పుల్లలూ బల్ల మీద పెడితే, "పొయ్యిలోకి పనికొస్తాయి" అని నవ్వాడట. అప్పట్నుంచి ఆయన గట్టువైపు వెళ్ళలేదు. "నేనే తెంపేనంటన్నారమ్మా" అని గొణుక్కునేవారు. ఆ మచ్చ పోకుండానే పోయారు.

పెద్దకార్యానికి నాయకుడు పూలదండతో వచ్చాడు. ఎన్నికలు కదా మరి. "చాలా నిజాయితీపరుడండి" అన్నాడు. నేను ఫోటో పక్కనున్న పుల్లలు చూపించాను.

"దండ తర్వాత వేద్దురుగానండి. ముందు ఆ టైములు పైకి చదవండి. మీ లారీలు ఎన్నింటికి బయల్దేరేయో అదీ చెప్పండి."

దండతోనే వెనక్కి తిరిగాడు. నాకెంత హాయిగా అనిపించిందో చెప్పడానికి సిగ్గుపడను. ఆఫీసరు బదిలీ మీద ఎక్కడికో పోయాడు. అతన్నీ వదలం. పిన్నిగారి సంతకంతో కోర్టుకెక్కాం.

ఈ పొద్దున నాయకుడి ప్రచారం జీపు మా పేటకొచ్చింది. వీధి మొదట్లో ఏడు పుల్లలూ అడ్డంగా వరసన పాతి ఉన్నాయి, ఒక్కోదాని మీదా బాబాయిగారి చేతిరాత. వాటి వెనక పిన్నిగారు కుర్చీ వేసుకుని, ఆయన గొడుగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. "దిగి చదవండి బాబూ, దారిస్తాం" అన్నారు.

మైకు ఆగిపోయింది. నేనిది రాస్తున్న వేళకి జీపు ఇంకా అక్కడే ఉంది. ఎవరూ దిగలేదు.